ఎవరూ నొక్కని మెట్టు

మొన్న ఆదివారం తలస్నానం చేసి ఎండలో కూర్చుని దువ్వుకుంటుంటే కొమ్ము దువ్వెన పన్ను ఒకటి విరిగింది. పక్కనే ఉన్న మనవరాలు "పోనియ్ అమ్మమ్మా, కొత్తది తెస్తలే" అంది. దానికేం తెలుసు. నేను ఆ పన్నును అరచేతిలో పెట్టుకుని ఎండ జరిగిపోయేదాకా కూర్చున్నాను.

ఈ దువ్వెన నా తలకు చేసింది కాదు. ఏ తలకు చేశాడో చెబితే నమ్మేవాళ్ళు తక్కువ. చేసినాయన పేరు నేనెప్పుడూ అడగలేదు. సిద్దిపేటలో అందరూ దువ్వెనల సాయబు అనేవాళ్ళు, నేను తాతా అనేదాన్ని, ఆయన పలికేవాడు. అంతకంటే పేరుతో పనేముంది?

మేము సిద్దిపేటలో కాపురం పెట్టింది యుద్ధం రోజుల్లో. కిరసనాయిలుకు కటకట. మా ఆయన బడిపంతులు. వచ్చిన వారానికే, దువ్వెన తెమ్మని ఆయన్ను బజారుకు పంపితే ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

"నీ తల అడుగుతున్నడు" అన్నాడు.

"ఎవరు?"

"దువ్వెనలాయన. తల సూడంది దువ్వెన ఇయ్యడంట. నీ జడ గింతుంటదని చేతులతోని చూపెట్టిన. పొడుగు తెలిసింది పంతులూ, మందం తెల్వలే అన్నడు."

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఊళ్ళోవాళ్ళ తలలన్నీ చూసి దువ్వెనలమ్మే మహారాజెవరో చూద్దామని మర్నాడు నేనే బయల్దేరాను. సాలెల వాడలో, రెండువైపులా మగ్గాల చప్పుడు మధ్య, ఒక ఇంటి ముందు గది. గడపలో గంపెడు బర్రె కొమ్ములు. అవి చిన్నకోడూరు వైపు నుంచి వచ్చేవని తర్వాత తెలిసింది. కొమ్మును కాచి పలకగా అదుముతుంటే వెంట్రుకలు కమిరిన వాసన. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే లోపలికి తొంగిచూశాను. బక్కమనిషి. గడ్డంలో తెల్లదనం ఎంతో, కొమ్ము పొట్టు ఎంతో చెప్పలేం.

"తాతా, దువ్వెన కావాలె" అన్నాను. పలకలేదు. ఇంకా గట్టిగా అన్నాను. అప్పుడు తలెత్తాడు.

"అరవకు బిడ్డా. అరిస్తె మాట పగుల్తది. జర దగ్గరికొచ్చి మెల్లగ చెప్పు."

చెవుడని అప్పుడు అర్థమైంది. నా జడ కొసనుంచి ఒక వెంట్రుక అడిగి తీసుకుని, కళ్ళు మూసుకుని రెండువేళ్ళ మధ్య దొర్లించాడు. "మందం. మీ బాపు జుట్టు వచ్చింది నీకు" అన్నాడు. నేను తెల్లబోయాను. నిజంగానే మా బాపుది గుర్రపు తోకలాంటి జుట్టు. అమ్మది పట్టుపోగు.

ఆ తర్వాత పనున్నా లేకున్నా ఆ దారిన పోతే ఒక్క నిమిషం ఆగేదాన్ని. ఆయన్ను చూస్తుంటే పగలే నిద్రపట్టినట్టుండేది. కొమ్ము పలకను అరగదీసి అరగదీసి, పలచబడ్డాక ఎండకు ఎత్తిపట్టి అందులోంచి వీధిని చూసేవాడు. పని ఆగిపోయేది. నూలు వడికే ఆడవాళ్ళూ, పోయే ఎడ్లబండీ, గోడమీది పిల్లీ ఆ పలకలోంచి దాటేదాకా దించేవాడు కాదు. ఒకసారి నా చేతికిచ్చి, "సూడు బిడ్డా, ఊరంత తేనెల ముంచినట్టుంటది" అన్నాడు. చూశాను. అలాగే ఉంది. ఇంట్లో పప్పు అడుగంటుతుందని కూడా గుర్తురాలేదు.

దువ్వెనలే కాదు, సితార్లూ, వీణలూ, భజనవాళ్ళ తంబూరాలూ బాగుచేసేవాడు. చెవిటివాడు తంబూరా దిద్దడమేమిటని నేనూ అనుకున్నాను. ఒకరోజు చూశాను. ఒక దువ్వెన పళ్ళ మధ్య కరిచిపట్టి, దాని రెండో కొసను సితార్ చెక్కకు ఆనించి, తెచ్చినాయన్ను మీటమన్నాడు. తీగ పలుకుతుంటే కళ్ళు సగం మూసుకున్నాయి. చెవులతో వినలేనిది పళ్ళతో వింటున్నాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ఊళ్ళో నలుగురు నాలుగు రకాలుగా చెప్పేవాళ్ళు. ఆయన్నడిగితే ఒకటే మాట.

"దువ్వెనకు పండ్లు, సితారకు మెట్లు. రెండు గూడ సందు పనే. సందు సక్కగుంటె చిక్కు వోతది."

ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి. బాపు పోయాక అమ్మ నా దగ్గరే ఉండేది. మాలో ఆ రోజుల్లో భర్త పోయిన ఆడదాని తల ఎలా ఉండేదో తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు, సంతోషం. వాళ్ళకోసం చెబుతున్నాను, జుట్టు తీసేసేవాళ్ళు. ఒకసారి తీసి ఊరుకునేవాళ్ళు కాదు, పెరిగినప్పుడల్లా తీసేవాళ్ళు. అమ్మ తలమీద ఎప్పుడూ కొంగుండేది. ఆమెకంటూ మిగిలింది ఒక్క వీణ. అదీ మధ్యాహ్నం, వీధి తలుపు మూసి, పక్కింటికి వినపడకుండా వాయించుకునేది. వాయిస్తున్నంతసేపూ ఆమె ముఖంలోకి చిన్నప్పటి మా అమ్మ వచ్చి కూర్చునేది. నాకు ఆ గంటసేపే ఇల్లు ఇల్లులా ఉండేది.

ఒకరోజు వీణ తియ్యలేదు. రెండోరోజూ తియ్యలేదు. పదిరోజులయ్యాక అడిగాను.

"సారణి తీగె వట్టిగ మీటితె ఎవరో దగ్గినట్టు వినవడ్తున్నదే" అంది. "వీణెకు ఏంగాలె. నా చెవులే పోయినయి. జుట్టు తీసుకున్నరు, బొట్టు తీసుకున్నరు. దేవునికి చెవులు గావాల్సొచ్చినయి, తీసుకోని."

కోపంగా అన్నా బాగుండేది. కూరలో ఉప్పు చాలలేదన్నట్టు అంది. వీణ లేకపోతే అమ్మ ఆ మూలగదిలో ఇంకేం పెట్టుకుని బతుకుతుంది?

మా ఆయన బండి మాట్లాడాడు. బొంత పరిచి, వీణను దానిమీద పసిపిల్లలా పడుకోబెట్టి సాలెల వాడకు తీసుకుపోయాం. అమ్మను రమ్మంటే రాలేదు. కొమ్ములూ ఎముకలూ ఉన్నచోటికి మడిమనిషి ఎలా వస్తుంది?

"వాయించెటోళ్ళు ఏరి?" అన్నాడు తాత, వీణను చూడకముందే. "చెయ్యి సూడంది మెట్టు దిద్ద."

అమ్మ చెవుల మాట చెప్పి బతిమాలాను. గొణిగాడు. చివరికి దువ్వెన పంట కరిచి నన్ను మీటమన్నాడు. ముందు వట్టి తీగ. తర్వాత మెట్లమీద వేలు పెట్టి, ఒక్కొక్కటే. మళ్ళీ వట్టి తీగ. దువ్వెన నోట్లోంచి తీసి అన్నాడు.

"నొక్కితె మంచిగనే మాట్లాడ్తుంది. ఇడిస్తె దగ్గుతుంది. గంతేనా?"

"అంతే" అన్నాను. అమ్మ చెప్పింది అదే.

మెట్ల వరస మొదట్లో, బిరడాల నుంచి వచ్చిన తీగలు ఒరిగే ఎముక పలక ఉంటుంది. మేరువంటారు. తాత గోటితో చూపించాడు. ఏళ్ళ తరబడి తీగలు ఒరిగి ఒరిగి దానిలో లోతుగా గాడులు పడ్డాయి. తీగ కిందికి దిగి, వట్టిగా మీటినప్పుడల్లా మొదటి మెట్టుకు రాసుకుంటోంది. రెండో మెట్టుమీద నన్ను వేలు నొక్కమని, మొదటి మెట్టుకూ తీగకూ మధ్య వెంట్రుక దూర్చబోయాడు. దూరలేదు.

"మీ అమ్మ చెవులు చెడలే బిడ్డా. ఎముక అరిగింది. గంతే. ఏం ఫికర్ చెయ్యకు."

నేను అక్కడే ఏడ్చేశాను. మా ఆయన వీధివైపు తిరిగి నిలబడ్డాడు.

కొత్త కొమ్ముతో మేరువు చేస్తే అమ్మ మడికి అడ్డమేమోనని నసిగాను. పాతది కూడా ఒక జంతువు ఎముకేనని ఆయన అనొచ్చు. అనలేదు. పాతదాన్ని అలాగే ఉంచుతానన్నాడు. గాడులు తీగలకు దారి చూపిస్తాయి. దానికి ఆనుకుని, మిగతా మెట్ల లాగే మైనంలో, ఒక ఇత్తడి మెట్టు పెడతాడు. ఇకనుంచి బరువంతా అది మోస్తుంది.

"ఇత్తడైతె చింతపండుతోని తోముకోవచ్చు. మీ ఇంట్ల ఇరిగిన తుంట ఏమన్నుంటె తీస్కరా. ఇంకొకటి గూడ తేవాలె. మీ అమ్మ వెంట్రుక."

తీగ కింద సందు ఎంత ఉండాలో ఆయనకు కొలత అదే. వాయించే మనిషి వెంట్రుక పట్టాలి, రెండోది పట్టకూడదు. అదేం శాస్త్రమో నాకు తెలియదు. చుట్టూ వేలాడుతున్న దువ్వెనల మధ్య నిలబడి, మా అమ్మకు జుట్టు లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సరేనన్నాను.

మర్నాడు అమ్మ వాడి వదిలేసిన ఇత్తడి ఉద్ధరిణి కాడా, కాగితంలో చుట్టిన నా వెంట్రుకా తీసుకుపోయి ఇచ్చాను. తాత వెంట్రుకను వేళ్ళ మధ్య దొర్లించాడు. నా ముఖంలోకి చూశాడు.

వీణ ఇంటికొచ్చింది. అమ్మ మెట్లు లెక్కపెట్టింది.

"ఇర్వై నాలుగుండాలె, ఇర్వై అయిదున్నయి. ఏ శాస్త్రంల ఉన్నదే గిది?"

"అది ఎవరూ నొక్కరమ్మా. ఉండనియ్" అన్నాను.

మీటింది. దగ్గు పోయింది. నా ప్రాణం కుదుటపడింది. కానీ అమ్మ మొదటి మెట్టుమీద వేలు పెట్టి, ఆగి, మళ్ళీ మీటి, తల అడ్డంగా ఊపింది. "రిషభం ఎక్కుతున్నది. వెంట్రుకవాసే గాని ఎక్కుతున్నది. లేకపోతె ఇది గూడ నా చెవేనో ఏమో" అని వీణను గోడకు చేర్చింది.

నాకు నిద్రపట్టలేదు. తెల్లవారి అంట్లు కూడా వదిలేసి సాలెల వాడకు పరుగెత్తాను. అమ్మ మాట చెప్పాను. తాత చేతిలోని ఆకురాయి కిందపెట్టాడు.

"గా వెంట్రుక ఎవరిది బిడ్డా?"

తలవంచుకున్నాను.

"నాకప్పుడే అనుమానమైంది. తల్లీబిడ్డలకు ఒక్కతీరు ఉంటదేమోలే అనుకున్న. ఎందుకు తేలే అమ్మది?"

చెప్పాను. దగ్గరగా వంగి, మెల్లగా, ఆయన చెప్పినట్టే, మాట పగలకుండా చెప్పాను. ఆయన గంపలోని కొమ్మొకటి తీసి చేతిలో తిప్పాడు. మగ్గాల చప్పుడు వినిపిస్తోంది, అది ఆయనకు వినిపించదు.

"తప్పు నాదే" అన్నాడు. "దువ్వెనలు జేసెటోనికి అందరికి జుట్టుంటదనే అనిపిస్తది." తర్వాత లేచి భుజంమీద తువ్వాలు వేసుకున్నాడు. "చెయ్యన్న సూడాలె. నేనే వస్త పా."

మా ఇంటి వసారాలో తన గోనెపట్టా తానే పరుచుకుని కూర్చున్నాడు. అమ్మ లోపల, గడపకు అవతల, ముఖం మీదికి కొంగు లాక్కుని కూర్చుంది. గడప మీదుగా వీణ. కుండ అమ్మ ఒళ్ళో, మెట్లు మొదలయ్యే వైపు బుర్ర వసారాలో. తాత దువ్వెన పంట కరిచి, వీణ కొసకు ఆనించాడు. పరాయి మగవాడి నోట్లోని వస్తువు అమ్మ వీణకు తగులుతోంది. బిందె నీళ్ళు కూడా ఎవరూ ముట్టకుండా మోసుకునే మనిషి అమ్మ. ఏమంటుందోనని చూశాను. ఎడమచేయి తీగమీద పెట్టి మీటింది. ఆ సాయంత్రం నేనడిగితే, "చెవి పండ్లల్ల ఉన్నోడు ఇంకేం జేస్తడే పాపం" అంది.

ఆయన అమ్మ ముఖం చూడలేదు. వేళ్ళనే చూశాడు. నిప్పుకణిక అడిగి, పటకారుతో మైనం దగ్గరగా పట్టి, మెత్తబడ్డాక ఇత్తడి మెట్టును బొటనవేలితో ఒక్క అదుము అదిమాడు. ఇక సందు చూడాలి. వెంట్రుక మాట ఎత్తలేదు. తువ్వాలు అంచునుంచి ఒక పోగు లాగి, "దారంతోని సూద్దాం. ఇది గూడ సన్నమే" అన్నాడు.

అమ్మ వీణ దించి లేచింది. లోపల సందుగ మూత తెరిచిన చప్పుడైంది. చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు చేతిలో పాత పట్టుగుడ్డ మూట ఉంది. నావైపు చూడకుండా గడపమీద పెట్టి విప్పింది.

సవరం. అమ్మ సొంత జుట్టు. బాపు ఉన్న రోజుల్లో దువ్వుకున్నప్పుడల్లా ఊడిన వెంట్రుకలు పోగుచేసి కట్టించుకున్నది. మూరన్నర పొడుగు, పట్టుపోగులా, కొసల్లో కొంచెం ఎర్రగా. ఆ సందుగ నేను వందసార్లు సర్దాను, ఆ మూట నా కంటపడలేదు. తల బోడిచేసుకుని పదకొండేళ్ళు మా కళ్ళముందు తిరిగిన మనిషి, తన జుట్టును మా ఎవరికీ తెలియకుండా దాచుకుని బతికింది. కన్నకూతుర్ని, నాకు తెలియలేదు. సిగ్గుపడ్డాను.

అందులోంచి ఒక్కటి లాగి గడప అవతల పెట్టింది.

తాత దాన్ని తీసుకుని కళ్ళు మూసుకుని దొర్లించాడు. "పట్టు" అన్నాడు. రెండో మెట్టుమీద అమ్మను నొక్కమని, తీగ కింద దూర్చాడు. వదులుగా ఉంది. ఇత్తడిని ఆకురాయితో రెండుసార్లు రాశాడు, మళ్ళీ చూశాడు. ఇప్పుడు బిగువుగా దూరింది. అమ్మ మీటింది. వట్టి తీగ, మొదటి మెట్టు, వట్టి తీగ. ఈసారి తల ఊపలేదు. ఆపలేదు కూడా. ఆ మధ్యాహ్నం వీధి తలుపు తెరిచే ఉంది. దారిన పోయేవాళ్ళు నిలబడ్డా అమ్మ ఆపలేదు. దువ్వెన పంట కరిచిన ముసలాయనా, కొంగు జారింది కూడా తెలియని మా అమ్మా, మధ్యలో వీణా. నేను వంటింటి గుమ్మంలో కూలబడి అలాగే చూస్తుండిపోయాను. ఎంతసేపో ఇప్పటికీ చెప్పలేను.

వెళ్ళబోతూ, అక్క అన్నట్టు వాళ్ళ మాటలో అమ్మను ఆపా అని పిలిచి, గడప అవతలికి వినపడేలా అన్నాడు. "చెవులు మంచిగున్నయి ఆపా. నాకు లేనియి గూడ మీకే ఉన్నయి. గీ మెట్టు ఎవరు నొక్కరు గాని అన్ని తీగలు గీడనే ఒరుగుతయి. ముందుగాల అరిగేది గిదే. అరిగిననాడు నాకు కబురు జెయ్యాలె. గంత వాయించిన్రా అని ఖుషీ అయిత."

"చేస్త అన్నా" అంది అమ్మ. పరాయి మగవాడితో అమ్మ మాట్లాడగా నేను విన్నది అదే.

నాలుగురోజుల తర్వాత మళ్ళీ వచ్చాడు. చేతిలో కాగితం పొట్లం. విప్పితే కొత్త కొమ్ము దువ్వెన. నా దువ్వెన కంటే సన్నం పళ్ళు, దగ్గర దగ్గరగా.

"నాకున్నది గద తాతా."

"నీకు గాదు" అన్నాడు. "సవరం గూడ చిక్కువడ్తది."

తల చూడనిదే దువ్వెన ఇవ్వనన్న మనిషి, తల లేని జుట్టు చూసి దువ్వెన చేశాడు. తలుపు వెనకనుంచి అమ్మ చేయి చాచింది.

ఆ తర్వాత అప్పుడప్పుడు మధ్యాహ్నం వాయించడం అయ్యాక, అమ్మ సవరాన్ని ఒళ్ళో పెట్టుకుని మెల్లగా దువ్వేది. కిటికీలోంచి పడిన ఎండ దానిమీద పాకుతుండేది. నేను చూడనట్టు అటే తిరిగి బియ్యం ఏరుకునేదాన్ని.

మాకు మెదక్ బదిలీ అయింది. చాలా ఏళ్ళకు ఒక పెళ్ళికని సిద్దిపేట పోయి సాలెల వాడకు వెళ్తే ఆ గదికి తాళం ఉంది. ఎదురింటి మగ్గం మీది ఆడమనిషి చెప్పింది. "పోయిన చలికాలం పోయిండమ్మా. ఆఖరికి పిడుగు వడ్డ వినకపోతుండె. దువ్వెన పంట కర్సి గోడకు ఆనిచ్చుకుంట కూసుంటుండె. ఏంది తాతా అంటె, మీ మగ్గం వింటున్న అంటుండె." ఆమెకు నవ్వు వచ్చింది, నాకు రాలేదు.

అమ్మ అటుతర్వాత చాలాకాలం బతికింది. పోయినప్పుడు సవరాన్ని ఎవరూ చూడకుండా ఆమె చీర మడతలో పెట్టాను. దువ్వెన పెట్టడానికి మాత్రం చేయి రాలేదు. ఆ సన్నం పళ్ళు బాపు నుంచి వచ్చిన నా మందం జుట్టులో దూరేవి కావు, అలాగే ఉంచుకున్నాను. ఈ నాలుగేళ్ళనుంచి నా జుట్టూ పలచబడి పట్టుపోగులా అయింది. ఇప్పుడు దూరుతోంది.

ఆదివారం సాయంత్రం మనవరాలి చేత అటకమీది వీణ దించించాను. అమ్మ పోయాక దాన్ని ఎవరూ ముట్టలేదు. నాకు వీణ రాదు. దుమ్ము తుడిచి, రెండో మెట్టుమీద మనవరాలిని వేలు నొక్కమన్నాను. దువ్వెనకు చిక్కుకున్న నా తెల్ల వెంట్రుక ఒకటి తీసి, మొదటి మెట్టుకూ తీగకూ మధ్య దూర్చబోయాను.

దూరలేదు. అద్దాలు పెట్టుకుని చూస్తే, ఉద్ధరిణి కాడతో చేసిన ఆ మెట్టు మీద సారణి పోయే చోట గాడి పడి ఉంది. లోతుగా, నున్నగా.

"ఏమైంది అమ్మమ్మా, ఖరాబైందా?" అంది మనవరాలు.

"ఖరాబు గాలే. అరిగింది" అన్నాను.

తాతకు కబురు చేయాలి.